ఇల్లూ ఆవూ

దొలోన్ కనుమ మంచులో కూరుకుపోయిన ఏడు
ప్రశ్నపత్రాల గోనెసంచి మూడు రోజులు లారీలోనే పడుకుంది.
పిల్లలు గంటగంటకీ వచ్చి నా మొహం చూసి వెళ్ళేవాళ్ళు,
సంచి నేనే దాచినట్టు.
లక్క ముద్ర పగలగొడితే లోపల కాగితాలు
గడ్డకట్టి ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి.
పొయ్యి పక్కన రొట్టెల్లా తిరగేసి, ఆరబెట్టి పంచాను.

ఇది చెబితే కొత్త ఇన్‌స్పెక్టర్ నవ్వుతాడు.
ప్రశ్నలిప్పుడు కనుమ ఎక్కవు, దిగవు.
తొమ్మిది కొట్టగానే ఇరవై రెండు తెరల్లో
ఒక్కసారే కళ్ళు తెరుస్తాయి.
సంచి లేదు. సంచి తెచ్చినవాడికి
పోయాల్సిన వోడ్కా లేదు.

మంచిదే. ఒప్పుకుంటాను.
ఇరిస్కెల్దీ ఒక్కడు చాలు ఒప్పుకోడానికి.
ఎడమచేతివాటం. వాడి రాత
సిరా తొక్కిన కోడి కాగితం దాటినట్టుండేది.
ఆరేళ్ళు వాడికి సగం మార్కులే వేశాను,
మిగతా సగం చదవలేక.
మొన్న సన్నాహక పరీక్షలో వాడి వ్యాసం
అచ్చుగుద్దినట్టు తెర మీద నిలబడితే
పేరు రెండుసార్లు చూసుకున్నాను.
తోడేళ్ళన్నీ పోయిన కొండ
గొర్రెలకి నిజంగా మంచిదేనా, అని అడిగాడు అందులో.
ఆరేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడేమో.

ఇక అకిలాయ్.
వేసవంతా పైకొండ పచ్చిక మీదే ఉంటుంది.
మంద కదులుతుండగానే నూటయాభై తలలు లెక్కపెట్టే పిల్ల
ఒక్క అక్షరం దొరక్క
చూపుడువేలితో మీటల మధ్య తిరుగుతోంది.
తెర మూల గడియారం
సెకన్లని తోలుకుపోతూనే ఉంది.

మా అక్షరాలు మూడు ఆ కీబోర్డు మీద లేవు.
అది రష్యన్ కోసం చేసింది.
మా కిర్గిజ్‌లో
అక్షరం తోక నిటారుగా దిగితే ఇల్లు,
వంకర తిరిగితే ఆవు.
ఉన్నది వంకర తోక ఒక్కటే.
వెనక నిలబడి చదివాను:
"మా ఆవు చాలా చిన్నది. ఆవులో ఏడుగురం పడుకుంటాం.
చలికాలం ఆవు తలుపు మంచుతో మూసుకుపోతుంది.
అయినా నాకు మా ఆవంటే ఇష్టం."

నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.
దిద్దేది నేనైతే ప్రతి ఆవు మీదా
ఎర్ర సిరాతో కప్పు వేసి ఇల్లు కట్టేదాన్ని.
మరి ఎవరు దిద్దుతారని అడిగితే
ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు.

పదకొండూ ఇరవైకి కరెంటు పోయింది.
మబ్బు పట్టిన గదిలో
బ్యాటరీ వెలుగుకి ఇరవై రెండు నీలం మొహాలు.
ఎవరూ ఏడవలేదు, అదే నాకు భయమేసింది.
బయట వాచ్‌మన్ సాతార్ జనరేటర్ తాడు లాగుతున్నాడు,
ప్రతి లాగుడుకీ దాని తల్లిని తిడుతూ.
ఏడోసారి దగ్గి లేచింది.
తెరల మీద చక్రాలు తిరిగి తిరిగి ఆగాయి.
రాసినవన్నీ తిరిగొచ్చాయి,
ఇరిస్కెల్దీ చివరి పేరా తప్ప.
మళ్ళీ రాయరా, పది నిమిషాలుంది, అన్నాను.
"ఒకసారి అడిగాను కదా టీచర్" అన్నాడు.

చిత్తు కాగితాలు పరీక్ష అవగానే
సాక్షుల ముందు కాల్చాలని నియమం.
పొయ్యి తలుపు తీసి ఒక్కొక్కటే వేస్తున్నాను.
అకిలాయ్ కాగితం దగ్గర చెయ్యి ఆగింది.
పెన్సిల్‌తో రాసుకుంది ముందు అంతా.
అన్ని తోకలూ నిటారుగా, గుడారం గుంజల్లా.
ఇంట్లో ఎనిమిదిమందిమి అని రాసి
కొట్టేసి
ఏడుగురం అని దిద్దింది.
కొట్టేసిన చోట కాగితం చిరిగింది.

తెర మీద నేను చూసింది ఏడే.
ఏడు అక్కడ పుట్టుకతోనే ఏడు.

ఇరవై రెండు కాగితాలు కాల్చామని రాసి
సంతకం పెట్టాను. సాతార్ కూడా పెట్టాడు,
నా కోటు జేబు వైపు చూడకుండా.
పొయ్యికి ఎలాగూ లెక్కలు రావు.