పదిహేడో సీసా

వాల్దివియాలో వారంగా వాన.
ప్రయోగశాల కిటికీ కింద నది,
నది ఒడ్డున చేపల బజారు,
బజారు మెట్ల మీద, పని లేని మామయ్యల్లా
సముద్ర సింహాలు.

నా పని చిన్నది.
నలభై సీసాలు, నలభై అంకెలు.
సగంలో నిద్రమందు, సగంలో గంజిపిండి.
ఏది ఏదో నాకు తెలియదు,
మింగేవాళ్లకు తెలియదు,
మా ఒతీలియా మేడమ్‌కూ తెలియదు.
తెలిసిన కాగితం ఒక్కటే.
అది ఒసోర్నోలో ఓ మందుల షాపు బీరువాలో
లక్క ముద్ర కింద
అందరికంటే హాయిగా నిద్రపోతోంది.

మొదటి వారమే మేడమ్
నా గొంతు రికార్డు చేసి నాకే వినిపించింది.
"పడుకునే ముందు ఒకటి వేసుకోండి."
అదే వాక్యం.
ఒకరికి వాతావరణ వార్తలా,
ఇంకొకరికి జోలపాటలా.
"ఎవరికి అసలు మందు పడాలని నీకుందో
నీ గొంతే చెప్పేస్తోంది" అంది.
మర్నాటి నుంచి నేను మాట్లాడలేదు,
టేపు మాట్లాడింది.

పదిహేడో సీసా నిబాల్దోది.
పడవ మునిగిన రాత్రి నుంచి
కన్ను మూతపడని మనిషి.
నాలుగో వారం వచ్చి నిలబడ్డాడు.
"పడుకున్నానమ్మా, తెల్లారేదాకా."
చేతిలో, పాత పేపర్లో చుట్టిన సియెర్రా చేప.

పుచ్చుకుంటే అంకె వంగుతుంది.
వద్దన్నాను.
చేపని చంటిబిడ్డలా వెనక్కి తీసుకుని
వానలోకి వెళ్లిపోయాడు.

అతని నిద్రకి నేను ఎనిమిది మార్కులు వేశాను.
పక్కగదిలో, అతని ముఖమే చూడని ఎర్నా
అదే డైరీ చదివి ఆరు వేసింది.
నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు;
అందుకే కదా, కుందేలెవరిదో తెలియని మనిషి చేత
మళ్లీ లెక్కపెట్టించడం.
మా ఇద్దరి మధ్య తేడా రెండు.
నేను తీసుకోని చేప బరువు
సరిగ్గా అంతే.

ముద్ర పగిలిన రోజు కుర్చీలున్నా ఎవరం కూర్చోలేదు.
మందు వేసుకున్నవాళ్లు
గంజి వేసుకున్నవాళ్లకన్నా ఎక్కువ నిద్రపోయింది
పద్దెనిమిది నిమిషాలు.
ఇన్ని నెలల వానకి పద్దెనిమిది నిమిషాలు!
మేడమ్ మాత్రం వాటిని
వెచ్చని గుడ్డుని పట్టుకున్నట్టు పట్టుకుంది.
"చిన్నవే. కానీ మనం కల్పించినవి కావు."

పదిహేడు: గంజిపిండి.

చెప్పడానికి నేనే బజారుకి వెళ్లాను.
దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను,
దగ్గరికొచ్చేసరికి అన్నీ తడిసిపోయాయి.
"అందులో మందు లేదు నిబాల్దో. ఉత్త గంజి."
పొలుసు గీకుతున్న కత్తి ఆగింది.
ఓ సముద్ర సింహం ఆవలించింది.
చాలాసేపు నదివైపు చూసి అడిగాడు:
"అలాగా.
మరి ఇంకో సీసా ఉందా?"

ఈ ప్రశ్నకి మా పట్టికలో గడి లేదు.

అతనే నవ్వి, ఓ చేప తీసి
పేపర్లో చుట్టి చాపాడు.
ఈసారి తీసుకున్నాను.
వంగడానికి నా దగ్గర
ఇక అంకెలేవీ లేవు.