నూగు వాలు

సోఫా కడిగొచ్చిన మూడో దినం
జాబ్రియా ఇంటి నుంచి ఫోను.
మరకలు పోయినాయంట, గీతలు మిగిల్నాయంట.
పొద్దున కనపడవంట.
అసర్ నమాజు దాటినాక
పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగితే
పచ్చ ముఖమల్ మీద
లారీ పోయిన ఇసక మాదిరి
ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకటే వెడల్పు.
"నీ మిషను మూతి అచ్చులే పెంచలయ్యా" అన్నాడు సూపర్వైజర్ సాజన్.
"రెండోసారి పోయేదానికి కంపెనీ పైసా ఇయ్యదు."

నిజమే. నా చెయ్యి నాకు తెలీదా.
నీళ్ళు పీల్చే మూతిని బరువేసి లాగితే
దాని అంచు నూగుని తొక్కుకుంటా పోతాది.
తడి మీద పడిన తొక్కుడు
ఏసీ గాలికి ఆరితే అట్లే బిగుసుకుంటాది.
ఆ పొద్దు ఇంకా రెండిండ్లు ఉండాయని
దువ్వకుండానే లేచినా.

మా చిట్వేలి పక్క చేన్లో
నేను వేరుశెనక్కి సాలు తోలితే
గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు,
దారం పట్టినట్టుందిరా అని.
అదే చెయ్యి, అదే తిన్నన.
ఈడ సాలు కనపడితే తప్పు.

నాలుక్కి పోయినా.
మామా తలుపు తీసింది
(ఇంటావిడని ఈ దేశంలో అట్లే పిలవాల,
మా ఇంట్లో వింటే నవ్వతారు).
మాటల్లేవు, వేలు మాత్రం సోఫా పక్కకి.
ఎండ నాకంటే ముందే వచ్చి కూర్చోనుంది.
లెక్కబెట్టినా, వీపుకి పదకొండు, సీటుకి తొమ్మిది.

ఆవిరి బుడ్డి కాగేదాకా మోకాళ్ళ మీదున్నా.
జానెడు దూరంలో పట్టాల.
దగ్గిరైతే మెరుపు చస్తాది,
దూరమైతే నూగుకి తెలివి రాదు.
అది లేస్తానే మెత్తని బ్రష్షుతో, వాలు చూసి, ఒకే పక్కకి,
ఈనిన ఆవు దూడని నాకినట్టు,
యాడ మొదలుపెట్టిందీ యాడ ఆపిందీ తెలీకుండా.
అంచు కాడి మొండి గీత మాత్రం
తడిగుడ్డ అద్దితే గానీ కదల్లేదు.

నేను దువ్విన చోటల్లా వేలితో గీస్తాది లుల్వా,
ఏడేండ్ల పిల్ల, ముందరి పన్ను లేదు.
నూగుకి ఎదురు గీస్తే ముదురు పచ్చ.
చేప. కారు. మళ్ళీ చేప.
నేను దువ్వతా, ఆ పిల్ల నవ్వతాది.
"షిస్మిక్?" అనింది. పేరు చెప్పినా.
మూడుసార్లు చెప్పించుకోని
నాలిక బయటబెట్టి, కుడి నుంచి ఎడమకి గీసి
"బెన్షలయా" అని చదివింది.
వాళ్ళ బళ్ళో పకారం లేదు.

ఆ వంకర్లు యాడో చూసినా.
జేబులోంచి సివిల్ ఐడీ తీసి పక్కన పెడితే
అవే చుక్కలు, రంపం పండ్ల మాదిరి అవే మిట్టలు.
తొమ్మిదేండ్లుగా మోస్తాండా,
పోలీసోళ్ళు అడిగినప్పుడల్లా చూపిస్తాండా.
అది నా పేరని తెలుసు గానీ
ఇంత పొడుగని తెలీదు,
సీటు ఈ కొస నుంచి ఆ కొసకి.

లోపల మామా చెప్పుల చప్పుడు.
లుల్వా నా మొకం చూసింది.
నేను చివరి అక్షరం కాడ మొదలుపెట్టినా.
మొండికేయలేదు, ఆవిరి గూడా అడగలేదు,
బ్రష్షు తగలంగానే పడుకునింది.

మామా వంగి చూసింది,
కిటికీ పక్క నుంచి ఒకసారి, తలుపు పక్క నుంచి ఒకసారి.
"జేన్" అని లోపలికి పోయింది.

వ్యాన్లో సాజన్ అడిగినాడు, "పోయినాయా?"
"పోయినాయి."
కిందొక చుక్క, పైనొక చుక్క, తర్వాత మిట్టలు,
గుర్తున్నంత మటుకు
సీటు మీద వేలితో గీసి చూసినా.
రెగ్జిన్‌కి నూగు యాడుంది.