అతుకు

మూడు వారాలుగా రంగు గీకుతున్నాను.
పైన ఎర్ర రంగు, ఎవడో కుర్రాడు మోజుపడి వేయించింది.
దాని కింద పాచి ఆకుపచ్చ.
ఆ కింద తెలుపు.
ముప్పై ఎనిమిది అంకె తోక దగ్గర
కుంచె వెంట్రుక ఒకటి
ఆ తెలుపులో ఇరుక్కుని ఎండిపోయి ఉంది.
డెబ్భై రెండులో ఎవరి చేయి తొందరపడిందో.

గోతెంబాలో డిసెంబరు.
తలుపు సందులోంచి ఫుజి కొండ నల్ల ఇసుక
గాలితో వచ్చి గ్రీజు డబ్బాలో వాలుతుంది.
కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ గొణుగుతుంది.
మినెగిషి గారికి ఎనభై మూడు.
స్టూలు మీద కూర్చుని నా వేళ్లనే చూస్తారు, కారుని కాదు.
"అంత బలం వద్దు ఓరియే.
ఉల్లిపొర ఒలిచినట్టు."

నగానోలో ఒక ఆపిల్ తోటలో దొరికింది ఈ స్కైలైన్.
వెనక సీటుండాల్సిన చోట పళ్ల బుట్టలు,
కార్బ్యురేటర్ గొట్టంలో ముంగిస లాంటిదేదో పెట్టుకున్న గూడు.
దీని తోటివి ఏమయ్యాయని అడిగాను.
"పెళ్లయ్యాక పందిరికి విలువేముంది?
పోయిన సీజను కారూ అంతే.
పనికొచ్చేవి విప్పుకున్నాం,
మిగతాది తూకానికి వేశాం.
ఏ ఇంటి ఫ్రిజ్ తలుపయిందో,
ఏ మేకులయ్యాయో."

నగోయా మ్యూజియం నుంచి ఇద్దరు వచ్చారు,
తెల్ల చేతొడుగులు, భూతద్దం, టార్చి.
గుడి మెట్టు ఎక్కినట్టు చెప్పులు బయట విడిచారు.
"ఇది అసలుదేనా?"
మినెగిషి గారు టీ ఊదుకుంటూ అన్నారు:
"ఇంజను నాలుగుసార్లు మార్చాను.
గేర్లు లెక్కలేదు.
ఫెండర్లు ప్రతి ఆదివారం కొత్తవి.
డ్రైవరూ రెండుసార్లు మారాడు.
ఏ అసలు కావాలి మీకు?"

వాళ్లు నవ్వలేదు.
ఒకాయన కారు కిందికి పాకి
టార్చి ఒక్కచోట ఆపేశాడు.
ముందు తలుపులకి కాస్త ఇవతల, అడుగున,
ఈ వైపు నుంచి ఆ వైపుకి
గొంగళిపురుగు పాకినట్టు వెల్డింగు.

యాభై ఏళ్లు ఆయన చెప్పలేదు.
నేనూ కింద పడుకుని చూశాను గానీ అడగలేదు.

శనివారం సాయంత్రం, వాన.
ముప్పై డిగ్రీల వాలు మలుపులో మా బండి ముందుభాగం
కాగితం ఉండ చుట్టినట్టయింది.
ఆ మలుపులోనే, గంట ముందు,
కజివారా షున్పేయి బండి వెనక సగం కాలిపోయింది.
అతను ఆసుపత్రిలో. మెడ కదలదు.
రాత్రి పదకొండుకి అతని మెకానిక్కులు నలుగురు
మిగిలిన ముందు సగాన్ని
తడుస్తూ తోసుకొచ్చి మా షెడ్డు ముందు దించారు.
ఒక్కడూ కూర్చోలేదు.
"వీడైనా రేపు తిరగనీ" అన్నారు, వెళ్లిపోయారు.

తెల్లారేదాకా అతికారు.
పదకొండో స్థానం వచ్చింది.
పదకొండో స్థానానికి కప్పు ఇవ్వరు,
ఫోటో తియ్యరు.

కజివారా మళ్లీ రేసు చెయ్యలేదు.
షిజువోకాలో పాలవ్యాను నడిపాడు, నిదానంగా.
ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు పంపేవాడు, ఒకే ఒక్క వాక్యం:
"నా ముక్కు ఎలా ఉంది?"
ముప్పై ఒక్క కార్డులు, బిస్కెట్ డబ్బాలో.
తర్వాత రాలేదు.

మ్యూజియం కాగితంలో
చాసిస్ నంబరుకి ఒక్కటే గడి.
నేను రెండు నంబర్లు రాశాను, ఇరుకుగా, గీత దాటి.
పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"ఆ అతుకు గ్రైండ్ చేసేస్తే..." అన్నాడు చిన్నాయన
చెప్పులు వేసుకుంటూ.
ఎవరూ జవాబివ్వలేదు.
వాళ్లింక ఫోను చెయ్యరనుకుంటాను.

ఆ వాలు మలుపు ఇప్పుడు ముక్కగా మిగిలింది.
పగుళ్లలో గడ్డి. వేసవిలో పిల్లలు జారతారు.

అతుకు మీద నూనె గుడ్డతో తుడిచాను,
రంగు వెయ్యలేదు.
సాయంత్రం ఇంజను లేపితే
రేకు కప్పు మీది మంచు జారి దబ్బున పడింది.
మినెగిషి గారు కళ్లు మూసుకున్నారు.
ఏడుస్తున్నారేమో అనుకున్నాను.
వింటున్నారు.

కొత్త సంవత్సరం కార్డు తీసి
పాత చిరునామాకే రాశాను,
కొడుకో, కోడలో, కొత్తగా అద్దెకి దిగినవాళ్లో తీసుకుంటారని:
"ముక్కు బాగుంది."

"అబద్ధం రాయకు" అన్నారాయన వెనక నుంచి.
"మూడో కార్బ్యురేటర్ తక్కువ తాగుతోంది.
అదీ రాయి."