ఉప్పు లేని ముద్ద

చేపలకు పిల్లిని కాపలా పెట్టిందని
నరసాపురం ఎండుచేపల సంతలో
నన్ను చూసి నవ్వేవాళ్ళు.
పదకొండేళ్ళు కాసింది గవ్వ.
సావళ్ళ మోపుల మీద పడుకుని
ఒక్క ఎలకను రానివ్వలేదు.
జీతం, రోజుకు గుప్పెడు మెత్తళ్ళు.
ఆదివారం రొయ్యపొట్టు.

ఈ వేసవిలో అదేపనిగా నీళ్ళు తాగడం మొదలెట్టింది.
కుండ దగ్గర, చేపలు కడిగే తొట్టి దగ్గర,
ఆఖరికి గుమ్మంలో చెప్పు గుర్తులో నిలిచిన తడి దగ్గర.
ఒళ్ళు నిమిరితే వెన్నుపూస చేతికి తగిలింది
ఎండిన సావడాయి నడుములాగే.

డాక్టరు ఎస్తేరమ్మ రక్తం కాగితం చూసి
కిడ్నీలండీ అంది.
"కాలవ తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుద్ది?
మురుగు వెనక్కి తన్నుద్ది. ఇదీ అంతే.
తూము బాగుచెయ్యలేం.
పైనుంచి కొట్టుకొచ్చే చెత్త తగ్గిద్దాం."

ఎండుచేప వద్దంది.
ముల్లూ తలకాయా వద్దంది.
పాలో? వద్దంది.
రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అని
ఎవరన్నారో గానీ
వాళ్ళింట్లో పిల్లి ఉండి ఉండదు.

నీచు మానిపించి పెరుగన్నం పెట్టనా అన్నాను.
"పిల్లండీ అది, సన్యాసి కాదు.
పూర్తిగా మానిపిస్తే కండ కరిగిపోద్ది.
కొంచెమే పెట్టండి, మంచిది పెట్టండి,
ఉడికించిన నీళ్ళు పారబొయ్యండి."

భీమవరంలో దొరికే కిడ్నీ మేత పొట్లం
ధర విని, అలవాటు కొద్దీ సావళ్ళలో లెక్కేశాను.
ఒకటిన్నర బుట్ట.
కొన్నాను.
గవ్వ ఒక్కసారి వాసన చూసి
పక్కనున్న నేలను కాలితో గీరింది,
తన రెంటికి మన్ను కప్పుకున్నట్టు.

పస్తుంటే ఇంకా ముప్పట.
అందుకని కోడిరొమ్ము ముక్క, గుడ్డు తెల్లసొన,
అందులో పొట్లంలోవి పది గింజలు నానబెట్టి.
రేపు పదిహేను.
గోరువెచ్చన చేస్తే వాసన లేస్తుంది, అప్పుడు మూతి తిప్పదు,
అంటే, తక్కువ తిప్పుతుంది.
పచ్చసొనలన్నీ నేనే తింటున్నాను.
ఎస్తేరమ్మ నన్ను కూడా పరీక్ష చేస్తే ఏమంటుందో.

"పిల్లికి పథ్యమా సత్యవేణీ!"
బర్రి చిట్టెమ్మ పడీపడీ నవ్వింది.
చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

నా బతుకంతా ఉప్పు చల్లడమే.
చచ్చినదాన్ని ఉప్పు కాస్తుందని ఎరుగుదును.
బతికున్నదాని లోపల ఏం చేస్తుందో
అరవై దాటాక ఒక పిల్లి చెప్పింది.
నా ఉప్పు తిన్న జీవి, విశ్వాసం ఎక్కడికి పోతుంది
అని గొప్పగా చెప్పుకునేదాన్ని.
ఆ మాటిప్పుడు నోట్లో కల్లు రాయిలా కరకరమంటోంది.

మా వీధి బోరు నీళ్ళూ ఉప్పే,
రొయ్యల చెరువులు తవ్వాక మరీను.
ఇరవై రూపాయల నీళ్ళ టిన్ను
ఇంట్లో దాని కోసం కొంటున్నాను.
నాలుగు మూలలా నాలుగు గిన్నెలు.
రాత్రి లేచి నేనే తన్నేసుకుంటున్నాను.

సాయంత్రం కొట్టు కట్టేశాక
మోచేతుల దాకా తోముకుంటాను.
సబ్బు, నిమ్మడిప్ప, మళ్ళీ సబ్బు.
పెళ్ళయిన రాత్రి కూడా ఇంత తోమలేదు.
ఏం చెయ్యను,
ముద్ద వదిలేసి అరచెయ్యి నాకుతోంది,
గీతల్లో దాక్కున్న ఉప్పు కోసం.
మందూ మేతా సరే,
నా చెయ్యే దానికి పథ్యం కాదు.

ఈ రాత్రి ముద్ద కలిపి
ముందు నేను కొంచెం నోట్లో వేసుకున్నాను.
చప్పన. ఎంత చప్పనంటే
నా నాలుక నాకే గుర్తొచ్చింది.
గవ్వ నా మొహం చూసింది.
చెయ్యి వాసన చూసింది, ఇంకోసారి చూసింది,
ఈవిడెవరో అన్నట్టు.
తర్వాత తిన్నది.
నాలుగు చెంచాలు. ఆగింది. ఇంకొకటి.
కేలండరు మీద అయిదు అని రాశాను.

తెల్లారి నాలుగింటికి అంతర్వేది నుంచి
సావళ్ళ బండి వస్తుంది.
మోపుల మీద ఎవరు పడుకుంటారో
ఇంకా అనుకోలేదు.