తెల్లబోయిన ఎరుపు

సొహార్‌లో మా క్లినిక్‌కి ఆ గురువారం
చివరి పేషెంటు. పోర్టులో రిగ్గర్.
పేరు బుచ్చిలింగం, ఊరు కోరుట్ల పక్కన.
మెడలోంచి విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు,
పాస్‌పోర్టు అప్పగించినట్టు.
ఊదే చోట ఎండిన నెత్తురు.

నాలుక చాపమన్నాను.
ఎడమ అంచున
నేరేడు తొక్క రంగులో శనగగింజంత ఉబ్బు.
నాలుగు నెలలుగా కుబ్బూస్ నీళ్లలో నానేసి మింగుతున్నాడు,
క్యాంపులో ఎవరి ముందూ నోరు తెరవకుండా.
"అంబర్ తిన్న పాపం, చెల్లె.
అన్‌ఫిట్ అని రాస్తే ఇంటికి తోలుతరు.
రాసేముందు జర నాకు చెప్పున్రి."

డాక్టర్ షంసా కత్తి జోలికి పోలేదు.
గాజుపలక తీసుకుంది, మామూలుది,
మైక్రోస్కోపు కింద పెట్టేది.
ఉబ్బు మీద ఆనించి నొక్కింది.
ఎరుపు తెల్లబోయింది.
పలక ఎత్తగానే
తలుపు చాటునుంచి పిల్లలు తొంగిచూసినట్టు
రక్తం ఒక్కో చుక్కా తిరిగొచ్చింది.
ఇంకోసారి. ఇంకోసారి.
ఆమె భుజాలు వదులవడం నేను చూశాను.
అతను పైకప్పు లైటునే చూస్తున్నాడు.

తర్వాతి వారం డాప్లర్ తెర మీద
ఎరుపూ నీలమూ కలిసిన బుల్లి సుడి.
చేటలో బియ్యం చెరిగినట్టు చప్పుడు.

డాక్టర్ దాని పేరు ఇంగ్లీషులో రాసింది.
తెలుగులో చెప్పాల్సింది నేను.
"నిరపాయకరం" అన్నాను.
అతనికి అందులో అపాయమొక్కటే వినబడింది,
ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రెబొమ్మ కింద రాసే మాట.
"కణితి కాదు" అనబోయి ఆగాను. కణితే మరి.
ఆఖరికి మా రాయచోటి మాటే నోటికొచ్చింది:
"నెత్తురు దోవ తప్పి ఒకచోట ముడిపడిందన్నా.
అరుదే గానీ, చెడ్డది కాదు.
పాకదు, మనిషిని తినదు."

"ముడేనా?"
ముడే.
"ముడేనా చెల్లె, నిజంగ?"
రెండు మూడు సూదులతో కరుగుతుందట.
"మరి విజిల్?"
కొన్నాళ్లు వద్దంట. చేతులున్నాయి కదా.

కాసేపటికి కిటికీలోంచి చూశాను.
పార్కింగులో, మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేని చోట
కుడిచేయి చాపి, అరచేయి నేలవైపు తిప్పి
మెల్లగా ఊపుతున్నాడు.
దించు. దించు. ఇంకొంచెం.
దరిదాపుల్లో క్రేను లేదు.

విజిల్ మా బల్ల మీదే మర్చిపోయాడు.
స్పిరిట్‌తో తుడిచి
డ్రాయర్లో పెట్టాను.