మూడుకీ నాలుగుకీ మధ్య

లిఫ్టు మూడో అంతస్తు దాటింది,
నాలుగోది చేరలేదు.
ఒక కుదుపు, పైనెక్కడో ఇనుము మూలిగిన చప్పుడు,
దీపం పోయింది.
మాంటెవిడియోలో ఆగస్టు చలి. రేవు గాలికి
వీధి వీధంతా కరెంటు పోయిందని తర్వాత తెలిసింది.

నలుగురం.
జూల్మా చంకలో ఫ్లాస్కు, చేతిలో మాటే బుర్ర.
ఈ ఊరి మనిషి తాళంచెవి మరుస్తాడు గానీ
వేణ్ణీళ్ళు మరవడు.
డార్దో, అయిదో అంతస్తు, రిటైరైన కస్టమ్స్ గుమాస్తా,
పేపర్లో వ్యాపారం పేజీ ఒక్కటే చదివి
మిగతాదంతా చేపల దుకాణానికి ఇచ్చేస్తాడు.
యామిలా చేతిలో కొత్త ఫోను,
తెర మీది పల్చటి పొర ఇంకా ఒలవలేదు.
నా భుజాన ఫ్రిజ్ తలుపుకి వేసే రబ్బరు పట్టీ,
చుట్ట చుట్టుకుని.

"సిగ్నలు లేదు" అంది యామిలా.
"మూడు కెమెరాలున్నాయిగా,
ఏదో ఒకదాన్ని అడుగు" అన్నాడు డార్దో.
గంట మీట నొక్కాం.
అది కూడా కరెంటు గంటే.

ఇక చేసేదేముంది, అభిప్రాయాలు బయటికొచ్చాయి.

"ఆ ఫోను కంపెనీకి లాభం తగ్గిందట ఈసారి.
తగ్గాక మిగిలినదాంతో ఈ వీధి మొత్తం కొనొచ్చు.
అయినా పేపరువాడు 'నిరాశ' అని రాశాడు.
ఈ బూట్లకి మూడోసారి అడుగులు వేయించాను నేను,
నా గురించి ఎవడూ ఆ మాట రాయలేదు."

"నాకు మా అల్లుడు తీగ లేని ఇయర్‌ఫోన్లు కొనిచ్చాడు.
ఒకటి బస్సులో జారిపోయింది.
రెండోది సొరుగులో ఉంది, ఒంటి చెవికి పాడుకుంటూ.
పాత తీగ చిక్కుపడేది, నిజమే.
చిక్కుపడేది పారిపోదు కదా" అంది జూల్మా.

నా వంతు వచ్చింది.
ఇప్పుడు ఫ్రిజ్‌కి తెర పెడుతున్నారన్నాను.
బయట వానో ఎండో అది చెబుతుంది,
కిటికీ పక్కనే నిలబడి.
తలుపు పట్టీ మాత్రం నాలుగేళ్ళకే పగులుతుంది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
నా బతుకుతెరువు గనక నేనూ అడగను.

యామిలా టార్చి వేసింది. అద్దంలో మేం ఎనిమిది మందిమి.
"అసలు లిఫ్టులో అద్దం ఎందుకు?"
"మొహం చూసుకుంటుంటే ఆలస్యం తెలీదు" డార్దో.
"పక్కవాడి చెయ్యి ఎక్కడుందో చూసుకోడానికి" జూల్మా.
ఫ్రేమువాడి బావమరిది లిఫ్టుల కాంట్రాక్టరై ఉంటాడని నేను.
యామిలా నేల చూస్తూ చెప్పింది,
"చక్రాల కుర్చీ లోపల తిరగదు.
వెనక ఎవరున్నారో చూసుకుంటూ దిగాలి.
మా తమ్ముడు అలాగే దిగుతాడు."

టార్చి ఇంకా వెలుగుతోంది. పదకొండు శాతం.
ఆర్పేద్దామన్నాం నలుగురం, ఒక్క గొంతుతో.

చీకట్లో ఫ్లాస్కు మూత తిరిగిన కిర్రు.
ఒక చెయ్యి ఇంకో చేతిని వెతుక్కుని
మాటే చేతులు మారింది, మాట కూడా.
ఇక్కడో కట్టుబాటు ఉంది:
'థాంక్స్' అన్నామంటే
ఇక చాలు, నాకు పోయకు అని అర్థం.
అందుకే ఎవరం ఏమీ అనలేదు.
చేదు గుటక, వేడి, ఊపిరి.
ఫ్రిజ్ మోటారు రాత్రి రెండింటికే ఎందుకు గురక పెడుతుందని
జూల్మా అడిగింది.
పగలూ పెడుతుంది, మనం వినం, అన్నాను.

ఆఖరికి డార్దో ఒక బూటు విప్పి
ఇనుప తలుపుని బాదాడు.
మూడు అడుగుల మందం గల ఆ మోత
కాపలాదారు ఎల్బియోకి వినపడింది.
మెట్లెక్కి, పైన యంత్రాల గదిలో,
చేత్తో తిప్పే చక్రం పట్టుకున్నాడట.
లిఫ్టు కదిలింది,
పెళ్ళివారి సామాను దింపినట్టు
జానెడు, మళ్ళీ జానెడు.

తలుపు తెరుచుకుంది, నడుమెత్తున నేల.
ఎల్బియో కిందికి పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ,
యామిలాకి చెయ్యి అందించాడు.
"థాంక్స్" అంది ఆ పిల్ల.
ఆ మాట వినగానే, అలవాటు కొద్దీ,
జూల్మా ఫ్లాస్కు మూత బిగించేసింది.