తడి నార

క్లబ్బువాళ్ల ఫారంలో ఆఖరి గడి:
అయిదేళ్లకి ఎలా ఉంటాడు? పదికి ఎంత?
నెల్లిమర్ల బాస్కెట్‌బాల్ కోర్టు గట్టు మీద కూర్చుని
పెన్ను మూత కొరుకుతున్నాను.

గౌరీసుకి పంతొమ్మిది. ఆరడుగుల అయిదంగుళాలు.
కొత్త బూట్లు, మొదటి కాంట్రాక్టు.
ఎడంచేత్తో మాత్రం ఇంకా
బంతిని బతిమాలుకుంటాడు.

జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు
గోగునారకి గ్రేడు కట్టినవాణ్ణి.
పోగు లాగి, చెవి దగ్గర తెంపి
తెగిన చప్పుడుకే ధర చెప్పేసేవాణ్ణి.
ఒకసారి మంచి బేలుని మూడోరకంలో పడేశాను,
ఇప్పటికీ కలలోకొస్తుంది.
తెంపకుండా చెప్పడం
ఎవరూ నేర్పలేదు.

నిన్న ఓడిన ఆటలో
చివరి రెండు ఫ్రీత్రోలూ పోగొట్టాడు.
జనం వెళ్లిపోయాక
లైట్లార్పే వాచ్‌మన్‌ని
"పది నిమిషాలుండు మావా" అని ఆపి
తప్పిన గీత దగ్గరే నిలబడ్డాడు.
ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టలేదు.
దొర్లిపోయిన బంతి కోసం
ఒక్కసారీ నడిచి వెళ్లలేదు, అది చూశాను.

గడిలో ఏడు వేశాను. కొట్టేశాను.
ఎనిమిది. అదీ కొట్టేశాను.
పక్క సందులో ఇరికించి రాశాను:
నార ఇంకా తడి మీదుంది.
ఇప్పుడు తూస్తే మోసపోయేది మీరే.

ఫారం వెనక్కొచ్చింది.
అంకె కావాలట.